పాదులు అప్పుడే పీకెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది హనుమకొండ. ఈ ఎండాకాలం మీ ఆదివారం పేజీల్లో మిద్దె తోటల గురించి వారం వారం చాలా బాగా రాశారు, కుండీల్లో మట్టి ఎట్లా కలపాలి, షేడ్ నెట్ ఎంత ఎత్తులో కట్టాలి, స్లాబ్ మీద బరువు పడకుండా టబ్బులు ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ ఇచ్చారు. అవి చదివే మా కాలనీలో కొన్ని ఇళ్లవాళ్లు కొత్తగా టబ్బులు, గ్రో బ్యాగులు కొనుక్కొచ్చి మృగశిరలో గింజలు పెట్టారు. చాలా సంతోషం అనిపించింది. కానీ వానలు మొదలయ్యాక ఆ శీర్షిక ఆగిపోయింది, ఆ తర్వాత కూరగాయల మొక్కల మీద ఒక్క ముక్క రాలేదు. ఇప్పుడు పుబ్బ కార్తె నడుస్తోంది, గణపతి నిమజ్జనం అయ్యిందో లేదో వాళ్లందరూ పాదులు పీకేసి టబ్బులు మూలకి పేర్చేస్తున్నారు. ఎందుకమ్మా అంటే "కాపు అయిపోయిందక్కా, ఆకులన్నీ పసుపు పచ్చగా అయిపోయినయ్, కాయలు కుళ్లిపోతున్నయ్, మళ్లీ ఎండాకాలంలో చూద్దాం" అంటున్నారు. అది చూడలేకే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇంటి తోటకి అసలు సంపాదన వచ్చేది శ్రావణం నుంచి కార్తీకం దాకానే. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మొక్కని బతికించుకోవడమే పెద్ద పని, ఆ కష్టమంతా పడి తీరా పంట చేతికి వచ్చే టైంకి పీకేస్తే ఎట్లా చెప్పండి.

ముందుగా చిక్కుడు గురించి చెప్పాలి ఎందుకంటే ఎక్కువ అన్యాయం దానికే జరుగుతోంది. జూన్‌లో చిక్కుడు గింజ పెడితే ఆగస్టు అంతా, సెప్టెంబర్ అంతా పందిరి నిండా ఆకే ఉంటుంది, ఒక్క పువ్వు కనిపించదు. కొత్తవాళ్లు ఇది గొడ్డు పాదు అనుకుంటారు, లేదంటే గింజ మంచిది కాదనుకుంటారు. రెండూ కాదు. మన పాతరకం తీగ చిక్కుడు పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే పూతకి వస్తుంది, అది దాని స్వభావం, ఎన్ని ఎరువులు పోసినా ముందుగా పూయదు. సెప్టెంబర్ 23 దగ్గర పగలూ రాత్రీ సమానం అవుతాయి కదా, అక్కడి నుంచి రాత్రి పెద్దదవుతూ పోతుంది, దసరా దాటాక చూడండి, ఆకుల పైకి కంకుల్లాగా పూత లేస్తుంది. ఇంక దీపావళి తర్వాత మొదలుపెడితే రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసే దాకా కోస్తూనే ఉండొచ్చు. అంటే ఇప్పుడు పీకేసేవాళ్లు పూతకి నెల ముందు పీకేస్తున్నారు. ఇంత ఆగలేం అనుకునేవాళ్లకి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి రకాలున్నాయి, వాటికి పొద్దుతో పని లేదు, ఏ కాలంలో వేసినా పూస్తాయి. ఈ ఒక్క సంగతి పేపర్లో వచ్చి ఉంటే మా వీధిలో ఎన్ని పందిళ్లు మిగిలేవో.

మా చెల్లెలు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది, అక్కడ తెలుగువాళ్లు పెరట్లో మన కూరగాయలు ఎంత ఇష్టంగా పెంచుకుంటారో చెప్పలేను. వాళ్లకి ఈ చిక్కుడు బాధ ఇంకా ఎక్కువ. అక్కడ ఎండాకాలం పగలు మనకంటే చాలా పొడుగు కాబట్టి పాదు సెప్టెంబర్ వెళ్లే దాకా పూయదు, పూసి పిందె పడేసరికి అక్టోబర్‌లో మంచు పడి పాదు మొత్తం నల్లగా మాడిపోతుంది. అందుకే అక్కడివాళ్లు పొద్దుతో పని లేని రకం గింజలు వెతికి మరీ తెప్పించుకుంటారు. మనకి ఆ మంచు భయం లేదు, అక్టోబర్, నవంబర్ మొక్కలకి ఇంత మంచి కాలం ఉండి కూడా వదిలేసుకుంటున్నాం.

గోంగూర సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. అది కూడా పగలు తగ్గితే పూతకి వచ్చేదే, కానీ మనకి కావలసింది ఆకు కదా, పూత వస్తే ఆకు చిన్నదైపోతుంది, కాడ చెక్కలాగా ముదిరిపోతుంది. కాబట్టి గోంగూర ఉన్నవాళ్లు ఇప్పుడే దసరా లోపు కొసలు తుంచి తుంచి కోసుకోవాలి, పచ్చడి పెట్టుకునేవాళ్లు ఇప్పుడే పెట్టుకోవాలి. కొస తుంచిన చోట పక్కల నుంచి రెండు కొమ్మలు వస్తాయి, మళ్లీ ఆకు. మొదలుకంటా పీకి కట్టలు కట్టెయ్యకండి.

బీర, సొర, కాకర పాదులు ఆకులు పసుపు పచ్చగా అయ్యాయి అంటున్నారు కదా, అందులో చాలావరకు రోగమేం కాదు, ఆకలి. జూలై, ఆగస్టుల్లో పడ్డ వానకి టబ్బులో ఉన్న సారమంతా కింది బెజ్జాల్లోంచి నీళ్లతో పాటు కారిపోతుంది, నేల మీద మొక్కకి వేరు లోతుకి పోయి వెతుక్కుంటుంది గానీ టబ్బులో మొక్క ఎక్కడికి పోతుంది. కింద ఎండిన ఆకులు తీసేసి, పైన మట్టి కొంచెం గుల్ల చేసి, రెండు మూడు గుప్పెళ్లు వర్మీ కంపోస్టు, ఒక గుప్పెడు వేప పిండి వేసి మట్టి కప్పండి, వారం పది రోజుల్లో కొత్త చిగురు కనిపిస్తుంది. వీలైనవాళ్లు జీవామృతం పొయ్యండి. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ గారు రైతులకి చెప్పే లెక్క 200 లీటర్ల నీళ్లకి, ఇంటికి దాంట్లో పదో వంతు చాలు, 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి, రెండు రోజులు నీడలో పెట్టి కర్రతో పొద్దునా సాయంత్రం తిప్పితే సరిపోతుంది.

పిందెలు పడి ఎండిపోతున్నాయి అనేది ఇంకో ఫిర్యాదు. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులున్నాయి. పిందె చిన్నగా ఉండగానే పసుపు రంగు తిరిగి ముడుచుకుపోతే దానికి పుప్పొడి అందలేదని అర్థం. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు మీదకి తేనెటీగ ఎంతని వస్తుంది పాపం. గుమ్మడి, కాకర, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి, బీర పువ్వు, సొర పువ్వు మాత్రం సాయంత్రం పూట విచ్చుకుంటాయి, సొర పువ్వు తెల్లగా ఉండేది కూడా చీకట్లో వచ్చే రెక్కల పురుగుల కోసమే. కాబట్టి ఈ రెండింటికీ పొద్దున పోయి చూస్తే లాభం లేదు, దీపాలు పెట్టే వేళకి మిద్దె ఎక్కాలి. పువ్వు వెనకాల బుల్లి కాయ ఉంటే అది ఆడ పువ్వు, ఉత్త కాడే ఉంటే మగ పువ్వు. మగ పువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలో ఉన్న పుప్పొడి ఆడ పువ్వు మధ్య మెల్లగా తాకిస్తే చాలు, చేతి వేలికి పసుపు పచ్చటి పొడి అంటుకుంటుంది చూడండి, అదే. రెండు మూడు రోజుల్లో పిందె నున్నగా లావెక్కుతుంటే నిలబడింది అన్నట్టే.

అట్లా కాకుండా కాయ కొంచెం పెరిగాక ఒక చోట చిన్న చుక్కలాగా పడి, జిగురు కారి, అక్కడి నుంచి వంకర తిరిగి కుళ్లితే అది పండు ఈగ పని. ఈగ తొడిమ దగ్గరో పక్కనో పొడిచి గుడ్లు పెట్టి పోతుంది, లోపల పురుగులు తింటుంటాయి. వానాకాలంలో ఇది చాలా ఎక్కువ. దీనికి పాదు పీకక్కర్లేదు. రాలిన కాయలు అక్కడే వదిలెయ్యకూడదు, కంపోస్టు డబ్బాలో అసలే వెయ్యకూడదు, పాలిథిన్ కవర్లో మూతి బిగించి రెండు మూడు రోజులు ఎండలో పెడితే లోపలి పురుగు చస్తుంది. క్యూ లూర్ అనే వాసన ఎర పెట్టిన బుట్ట ఒకటి పందిరికి కట్టుకోండి, మగ ఈగలు అందులో పడతాయి. పిందె నిలబడగానే పేపర్ కవరో పాత పలచటి గుడ్డ సంచో తొడిగితే ఇంకా మంచిది, మందులు కొట్టే పనే లేదు.

ఒక్క బెండ విషయంలో మాత్రం పీకమనే చెప్తాను. ఆకు ఈనెలు పసుపు పచ్చగా వల అల్లినట్టు అయితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది, దానికి మందు లేదు, ఆ మొక్క తీసేస్తేనే పక్క మొక్క బతుకుతుంది. వంగ, మిరప ముసలివైపోయాయని పారేస్తున్నారు, అవి మొదలు నుంచి జానెడు ఎత్తు వదిలి కొమ్మలు కత్తిరించి ఎరువేస్తే మళ్లీ చిగురేసి చలికాలమంతా కాస్తాయి.

టమాటా గురించి రెండు మాటలు. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు అందరికీ మిద్దె తోట గుర్తొచ్చింది, అప్పుడే గింజలు కొన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌కి పత్తికొండ మార్కెట్లో రేటు పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోసిన సంగతి మీ పేపర్లోనే చదివాం, ఎంత బాధేసిందో. ఇంట్లో పెంచుకునేది రేటు చూసి కాదు, కాలం చూసి పెంచుకోవాలి. ఏప్రిల్, మే ఎండలకి టమాటా పూత రాలిపోతుంది, రాత్రి చల్లబడితే తప్ప పిందె పట్టదు, అందుకే జూలై, ఆగస్టుల్లో నారు పోసి సెప్టెంబర్ లోపల నాటుకుంటే నవంబర్ నుంచి గుత్తులు గుత్తులుగా వస్తాయి. ఇప్పుడు పాదులు పీకి టబ్బులు బోర్లించేవాళ్లు కనీసం ఆ టబ్బుల్లో టమాటా నారు, ముల్లంగి, పాలకూర, మెంతి అయినా పెట్టండి. కొత్తిమీర కూడా ఎండల్లో ఎంత గింజుకున్నా రానిది అక్టోబర్‌లో చల్లితే దానంతట అది వస్తుంది.

మా ఓరుగల్లు వైపు వాళ్లకి ఇంకో మాట. ఇంకొన్నాళ్లలో పెత్రమాసకి ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజులు పండగ. తంగేడు, గునుగు కోసం ఊరి బయటికి ఎంత దూరం పోవాల్సి వస్తుందో అందరికీ తెలుసు. గుమ్మడి పువ్వు, బీర పువ్వు, గుమ్మడి ఆకు మన మిద్దె మీదే ఉంటే ఎంత బాగుంటుంది. మగ పువ్వులే కొయ్యండి, పాదుకి నాలుగైదు వదిలి మిగతావి కోసినా కాయకి ఏం నష్టం లేదు. మా ఇంటి గుమ్మడి పాదు పూలు చుట్టుపక్కల పిల్లలు వచ్చి పట్టుకుపోతారు, వాళ్లకి ఆడ పువ్వేదో మగ పువ్వేదో ఇప్పుడు మాకంటే బాగా తెలుసు. నాకు ఈ తోట మీద ఇంత మమకారం రావడానికి అది కూడా ఒక కారణం.

కోతుల సంగతి రాయకపోతే మా జిల్లావాళ్లు ఒప్పుకోరు. నిజమే, చాలామంది తోట మానేసేది కోతుల వల్లే, మందలుగా వచ్చి సొరకాయలు సగం కొరికి పారేసి పోతాయి. మా అనుభవంలో కాకర, గోంగూర, పచ్చిమిర్చి, చేమ, పసుపు జోలికి పెద్దగా రావు, వల కట్టుకునే స్తోమత లేనివాళ్లు వాటితో మొదలుపెట్టొచ్చు. ఇది ఇళ్లవాళ్లు ఒక్కళ్లే తేల్చుకునే సమస్య కాదు, దాని మీద మీరు విడిగా రాయాలి.

ఇంక గింజల ప్యాకెట్లు. ఈ జూన్‌లో ఒక నర్సరీలో కొన్న ప్యాకెట్ మీద నిగనిగలాడే సొరకాయ బొమ్మ తప్ప ఏమీ లేదు, ఏ రకం, హైబ్రిడ్డా నాటుదా, ఎప్పుడు ప్యాక్ చేశారు, ఎన్నాళ్లు పనికొస్తుంది, ఏ నెలలో వెయ్యాలి, ఏదీ లేదు. సగం గింజలు మొలవలేదు. రైతులు కొనే విత్తన సంచికి 1966 విత్తనాల చట్టం ప్రకారం మొలక శాతం, గడువు తేదీ వేసిన లేబుల్ ఉంటుంది, ఇంటివాళ్లకి పది గింజల ప్యాకెట్ అమ్మేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఎందుకు ఉండదు? హైబ్రిడ్ అని తెలియక దాని గింజ ఎత్తిపెట్టుకుని మళ్లీ ఏడాది వేస్తే కాయ ఒక్కో చెట్టుకి ఒక్కో రకంగా వస్తుంది, అప్పుడు మా చేతిలో ఏదో లోపం ఉందని మానేస్తారు. ఉద్యాన శాఖ వాళ్లు మృగశిరకి ఒకసారి, మఖ కార్తెకి ఒకసారి రైతు బజార్లలో నాటు రకాల చిన్న ప్యాకెట్లు పెట్టి, దాని మీద తెలుగులో వేసే నెల, కాసే నెల రాసి అమ్మితే ఎంతమందికి మేలు. సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన యూనివర్సిటీ ఉంది, అటు వెంకటరామన్నగూడెంలో వైఎస్సార్ ఉద్యాన యూనివర్సిటీ ఉంది, రైతుల కోసం చేస్తున్న పనిలో ఒక మూల ఇంటి తోటలకి కూడా ఇవ్వమని మీ పేపర్ అడిగితే వింటారు.

మీకు నా విన్నపం ఒక్కటే. మిద్దె తోట శీర్షిక ఎండాకాలంతో ఆపకండి. రైతుల పేజీలో కార్తె ప్రకారం పనులు వేస్తారు కదా, దాని పక్కనే ఇంటి తోటకి నాలుగు లైన్ల బాక్స్ ఒకటి వెయ్యండి. ఇది ఉత్తర కార్తె లోపల మొదలైతే ఈ ఏడాది చిక్కుడు పాదులు కొన్నయినా నిలుస్తాయి. రాసేవాళ్లు కావాలంటే మా జిల్లాలోనే ఏళ్ల తరబడి పెంచుతున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లని అడగండి, ఫొటోలతో సహా పంపిస్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ