బ్లాక్ సబ్బాత్ గురించి, నీకు

చిన్నీ,

ఎలా ఉన్నావమ్మా. మొన్న ఫోన్లో అడిగావు కదా, బ్రాడ్ స్ట్రీట్‌లో కాలవ మీద బ్రిడ్జికి బ్లాక్ సబ్బాత్ అని పేరుందేంటి నాన్నా, అక్కడ బెంచీ మీద నలుగురి బొమ్మలున్నాయి, నువ్వు షెడ్డులో పెట్టుకుని వినేది వీళ్ళ పాటలేనా అని. వీళ్ళవే, ఇదొక రాక్ బ్యాండ్. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేస్తే నాకు తృప్తిగా లేదు. ఇప్పుడు నువ్వుంటున్న బర్మింగ్‌హామే వాళ్ళ సొంతూరు, పైగా ఎవరిని అడిగినా పాడే ఆజీ ఆస్బోర్న్ పేరు ఒక్కటి చెప్పి వదిలేస్తారు, అందుకని కూర్చుని రాస్తున్నా, తీరికున్నప్పుడు చదువు.

ముందు వాళ్ళ గిటారిస్టు టోనీ ఐయోమీ చెయ్యి గురించి చెప్పాలి, అసలు కథంతా అక్కడే మొదలైంది. వాళ్ళమ్మానాన్నలకి మీ ఊళ్ళోనే ఆస్టన్ పేటలో పార్క్ లేన్ అనే వీధిలో చిన్న కొట్టుండేది, ఒక్కడే కొడుకు. 17 ఏళ్ళకే షీట్ మెటల్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనికి వెళ్తూ రాత్రిళ్ళు గిటారు వాయించేవాడు. జర్మనీ టూర్‌కి వెళ్ళే ఒక బ్యాండ్‌లో చాన్స్ వచ్చింది, పని మానేస్తానని చెప్పేశాడు, ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక వెళ్ళనమ్మా అంటే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు, ఒప్పుకున్న పని సగంలో వదిలేస్తావా, వెళ్ళి పూర్తిచేసి రమ్మంది. వెళ్ళాడు. ప్రెస్ మీద ఉండాల్సిన మనిషి ఆ రోజు రాలేదు, అతను రేకులు నొక్కి పంపిస్తే గానీ ఇతనికి వెల్డింగ్ లేదు, దాంతో ఇతన్నే ప్రెస్ మీద నిలబెట్టారు, అంతకుముందు ఎప్పుడూ ఆ మెషిన్ నడపలేదు. ప్రెస్ చేతిమీద దిగింది, అదురుకుని చెయ్యి వెనక్కి లాగేశాడు, మధ్యవేలు ఉంగరంవేలు చివర్లు అక్కడే ఉండిపోయాయి.

కొత్త కుర్రాడు ఎవడైనా ప్రెస్ దగ్గరికి వెళ్తే నేను చేతిలో పని పడేసి వెళ్ళి పక్కన నిలబడతానని నీకు తెలుసు, మన ఆటోనగర్‌లో అలాంటి చేతులు చాలా చూశాను. అందుకే ఈ కథలో నాకు ఎప్పుడూ ఆ తల్లే గుర్తొస్తుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది చెప్పు, ఆవిడ స్థానంలో నేనున్నా నీకు అదే మాట చెప్పేవాణ్ణి. తర్వాత ఆవిడ ఎన్ని రాత్రిళ్ళు నిద్రపోలేదో.

పోయింది కుడిచెయ్యి వేళ్ళు. కానీ ఐయోమీ ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది కుడిచేత్తోనే. డాక్టర్లు ఇంక గిటారు మర్చిపో అన్నారు. ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇంటికి ఒక రికార్డు పట్టుకొచ్చి వినమన్నాడు, వినే మూడ్ లేదు పొమ్మన్నా వినిపించాడు, విన్నాక చెప్పాడు ఈ వాయించేవాడి పేరు జాంగో రైన్‌హార్ట్, నిప్పంటుకుని ఎడమచేతిలో రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయి, మిగతా రెండు వేళ్ళతోనే ఈ సోలోలన్నీ వాయిస్తాడు అని. దాంతో ఐయోమీ గిన్నెలు కడిగే లిక్విడ్ సీసా ఒకటి తీసుకుని ఆ ప్లాస్టిక్‌ని కరిగించి ఉండ చేశాడు, కాల్చిన సోల్డరింగ్ ఐరన్‌తో మధ్యలో వేలు పట్టేంత బొక్క పెట్టాడు, వేలి చివరి ఆకారం వచ్చేదాకా గరుకు కాగితంతో రుద్దాడు, తీగ మీద జారిపోతుంటే పాత లెదర్ జాకెట్ ముక్క కోసి దానికి అతికించాడు. ఆ తొడుగులు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు. తొడుక్కి స్పర్శ ఉండదు కదా, ఎంత గట్టిగా నొక్కుతున్నాడో వేలికి తెలీదు, చెవితోనే పట్టుకోవాలి. మామూలు తీగలు మందంగా ఉండి నొప్పెడుతుంటే సన్నగా ఉంటాయని బాంజో తీగలు కట్టాడు. 1971లో మూడో ఆల్బమ్ మాస్టర్ ఆఫ్ రియాలిటీ నాటికి తీగల బిగువు తగ్గించి శ్రుతి బాగా కిందకి దింపేశాడు. అలా దింపితే వేళ్ళకి సుఖం, సౌండేమో బరువుగా, నేల అదిరినట్టు వస్తుంది, ఇవాళ ప్రపంచంలో హెవీ మెటల్ అనే ఈ బరువైన రాక్ వాయించే ప్రతివాడూ ఆ సౌండ్ కోసమే తంటాలు పడతాడు.

ఇంక మిగతా ముగ్గురు. ఆజీ ఐయోమీ చదివిన స్కూల్లోనే ఒక ఏడాది కింద చదివాడు, చదువు అబ్బలేదు, అక్షరాలు తిరగబడి కనిపించే ఇబ్బంది ఉండేది. కార్ల హారన్లు ట్యూన్ చేసే ఫ్యాక్టరీలో చేశాడు, కబేళాలో చేశాడు, దొంగతనం కేసులో జైలుకి కూడా వెళ్ళాడు. గీజర్ బట్లర్ బాస్ గిటారు, పాటల్లో మాటలు ఎక్కువ అతనివే. డ్రమ్స్ బిల్ వార్డ్. 1968లో కలిశారు, మొదట్లో ఎర్త్ అని పేరు పెట్టుకున్నారు గానీ అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉందని తెలిసి మార్చారు, వీళ్ళు ప్రాక్టీస్ చేసే చోటికి ఎదురుగా సినిమా హాల్లో బ్లాక్ సబ్బాత్ అనే భయం సినిమా ఆడుతోందట, డబ్బులిచ్చి మరీ భయపడ్డానికి జనం వెళ్తున్నారే అనుకుని అదే పేరు పెట్టేసుకున్నారు. మధ్యలో ఐయోమీ కొన్ని వారాలు జెత్రో టల్ బ్యాండ్‌కి వెళ్ళి తిరిగొచ్చేశాడు, వాళ్ళు పొద్దున్నే టైముకి ప్రాక్టీస్ మొదలెట్టడం చూసొచ్చి ఇక్కడ కూడా పొద్దున 9కి అందరూ రావాల్సిందే అని రూల్ పెట్టాడు.

మొదటి ఆల్బమ్ లండన్లో ఒక్క రోజులో రికార్డ్ చేశారు, స్టేజి మీద ఎలా వాయిస్తారో అలాగే. 1970 ఫిబ్రవరి 13 శుక్రవారం రిలీజ్. పత్రికలవాళ్ళు తిట్టిపోశారు, జనం కొనేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో పారనాయిడ్ వచ్చి బ్రిటన్లో నంబర్ వన్ అయింది. ఆ ఆల్బమ్‌కి వార్ పిగ్స్ అని పేరు పెడదామనుకున్నారు, ఇంకో మూడు నిమిషాల పాట తక్కువైందంటే ఐయోమీ అప్పటికప్పుడు ఒక రిఫ్, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటారు ముక్క, కట్టాడు, అరగంట లోపే పాట తయారైంది, అదే పారనాయిడ్, వాళ్ళ పాటలన్నిట్లోకీ పెద్ద హిట్. పాలిటెక్నిక్ హాస్టల్లో మా రూమ్మేట్ దగ్గర ఆ క్యాసెట్టుండేది, నేను మొదట విన్న సబ్బాత్ అదే. మాటలు అర్థమయ్యేవి కాదు గానీ ఆ గిటారులో ప్రెస్ మెషిన్ దెబ్బ వినపడేది నాకు. ఐయోమీ వేళ్ళ సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

1975 దాకా ఆల్బమ్ వెనక ఆల్బమ్, ఆరు, అన్నీ వినదగ్గవే. కానీ అప్పటికే డ్రగ్స్, తాగుడు, పాత మేనేజ్‌మెంట్‌తో కోర్టు గొడవలు, సాబొటేజ్ ఆల్బమ్ చేసేటప్పుడు స్టూడియోకే లాయర్లు కాగితాలు పట్టుకొచ్చేవాళ్ళట. 1978 టూర్లో వీళ్ళకి ముందు వాయించిన కుర్ర బ్యాండ్ వాన్ హేలెన్ రోజూ వీళ్ళకంటే ఎక్కువ చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయేది. 1979లో ఆజీని తీసేశారు, ఆ మాట చెప్పే పని అందరికంటే ఆజీకి దగ్గరైన బిల్ వార్డ్ మీద పడింది. ఆ ఇద్దరికీ అది ఎంత కష్టమో ఆలోచించు.

ఆజీ వెళ్ళాక రానీ జేమ్స్ డియో వచ్చాడు, అమెరికావాడు, మనిషి పొట్టి గొంతు మాత్రం ఆకాశం. 1980లో హెవెన్ అండ్ హెల్. రాక్ కచేరీల్లో జనం చూపుడువేలు చిటికెనవేలు పైకెత్తి కొమ్ముల్లా చూపిస్తారే, అది అంతగా పాకింది డియో వల్లే, దిష్టి తగలకుండా వాళ్ళ ఇటలీ ముసలమ్మ పట్టే గుర్తట అది. ఆ టూర్ మధ్యలోనే తాగుడు వల్ల బిల్ వార్డ్ తప్పుకున్నాడు, 1982కి డియో కూడా వెళ్ళిపోయాడు. 1983లో డీప్ పర్పుల్ సింగర్ ఇయాన్ గిలన్‌తో బోర్న్ అగైన్ చేసి స్టేజి మీదకి స్టోన్‌హెంజ్ అనే ఇంగ్లండ్ పురాతన రాళ్ళ గుంపులాంటి సెట్టు వేయించారు, అడుగుల లెక్కకి బదులు మీటర్ల లెక్కలో కట్టేశారు, చాలా హాళ్ళలో అది పట్టనేలేదు.

ఇక్కడినుంచి ఎవరూ చెప్పని భాగం, నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా ఇదే. గిలన్ వెళ్ళాడు, గీజర్ కూడా వెళ్ళాడు, ఐయోమీ ఒక్కడే మిగిలాడు. తన సొంత పేరు మీద వేద్దామనుకున్న సెవెంత్ స్టార్‌ని 1986లో కంపెనీవాళ్ళు పట్టుబట్టి బ్లాక్ సబ్బాత్ పేరు మీదే వేయించారు. సింగర్లు వస్తున్నారు పోతున్నారు, దీ ఎటర్నల్ ఐడల్ ఆల్బమ్ మొత్తం ఒకతను పాడేసి వెళ్ళిపోతే బర్మింగ్‌హామ్ కుర్రాడే టోనీ మార్టిన్ వచ్చి అన్నీ మళ్ళీ పాడాడు, 1987 అది. అవతల ఆజీ అమెరికాలో సొంతంగా పెద్ద స్టార్ అయిపోయాడు, ఇవతల సబ్బాత్ అంటే అయిపోయిన బ్యాండ్ అని అందరూ తీసిపారేశారు. అయినా ఐయోమీ ఆపలేదు. 1989లో హెడ్‌లెస్ క్రాస్ వేశారు, డ్రమ్స్ కోజీ పావెల్, ఒక పాటలో క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే వచ్చి సోలో వాయించాడు. హెడ్‌లెస్ క్రాస్ అంటే నీకు దగ్గర్లోనే రెడిచ్ ఊళ్ళో ఒక పేట పేరు, నీ ఊరినుంచి రెడిచ్‌కి నేరుగా రైలుంది. టోనీ మార్టిన్ గొంతు విను, ఆ టైటిల్ పాటలో పై స్థాయికి వెళ్ళి అక్కడే నిలబడతాడు. ఐదు ఆల్బమ్‌లు పాడాడు అతను. మధ్యలో డియో తిరిగొస్తే పక్కకి జరిగాడు, డియో మళ్ళీ వెళ్ళిపోతే పిలవగానే వచ్చాడు, 1997లో పాతవాళ్ళు కలిస్తే మళ్ళీ పక్కకి. 2006లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టినప్పుడు మొదటి నలుగురి పేర్లే. ఆ ఆల్బమ్‌లు చాలా ఏళ్ళు షాపుల్లో దొరికేవి కాదు, 2024లో నాలుగిటిని కలిపి ఆనో డామిని అని బాక్స్ సెట్ వేశారు. నాకైతే మనసు కుదుటపడింది, ఆలస్యంగానైనా వేశారని.

మొదటి నలుగురూ మళ్ళీ కలిశాక సంగతి అందరికీ తెలిసిందే, తొందరగా చెప్పేస్తా. 2011 నవంబర్ 11న నలుగురం కొత్త ఆల్బమ్ చేస్తున్నామన్నారు, కొన్ని వారాలకే ఐయోమీకి లింఫోమా అనే క్యాన్సర్ అని తేలింది. ఆజీ, గీజర్ అమెరికానుంచి ఇంగ్లండ్‌కొచ్చి ఐయోమీ దగ్గరే ఉండి పాటలు కట్టారు, ట్రీట్‌మెంట్ తేదీలు చూసుకుని టూర్లు పెట్టుకున్నారు. కానీ కాంట్రాక్ట్ దగ్గర తేడా వచ్చి బిల్ వార్డ్ రాలేదు. 2013లో వచ్చిన 13 అనే ఆ ఆల్బమ్ బ్రిటన్లో నంబర్ వన్ అయింది, పారనాయిడ్ తర్వాత మళ్ళీ అప్పుడే, అమెరికాలోనైతే మొట్టమొదటిసారి. ఎంత బాగున్నా నాకు ఆ డ్రమ్స్ లోటు తెలుస్తూనే ఉంటుంది. బిల్ వార్డ్ జాజ్ వినిపెరిగిన మనిషి, దెబ్బని కాస్త వెనక్కి లాగి కొడతాడు, అతని డ్రమ్స్ మీద ఆ పాటలు ఊగుతాయి, వేరేవాళ్ళు కొడితే తిన్నగా నడిచిపోతాయి. 2017 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ అని చేసినప్పుడు కూడా అతను లేడు, నాకది అన్యాయమే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే 2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో జరిగిన కచేరీకి అంత సంతోషపడ్డాను. ఆ గ్రౌండ్‌కి దగ్గర వీధిలోనే ఆజీ పెరిగాడు, చిన్నప్పుడు మ్యాచ్ రోజుల్లో చూడ్డానికొచ్చినవాళ్ళ కార్లకి కాపలా ఉండి చిల్లర సంపాదించేవాడు. ఆ రోజు 40 వేలమందికి పైగా వచ్చారు, మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్, టూల్, స్లేయర్ అందరూ వీళ్ళకోసం వాయించారు, వచ్చిన డబ్బు పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు మీద పనిచేసే సంస్థకి, పిల్లల ఆసుపత్రికి, నయంకాని జబ్బున్న పిల్లల్ని చూసుకునే హాస్పిస్‌కి. ఆజీకి పార్కిన్సన్స్, నిలబడలేడు, నల్లటి సింహాసనంలో కూర్చుని పాడాడు, లేవబోయి మళ్ళీ కూర్చోవడం కనిపిస్తూనే ఉంది. వెనక డ్రమ్స్ దగ్గర బిల్ వార్డ్. 2005 తర్వాత నలుగురూ ఒక స్టేజి మీద. నాలుగే పాటలు, వార్ పిగ్స్, ఎన్.ఐ.బి., ఐరన్ మ్యాన్, పారనాయిడ్. 17 రోజులకి, జూలై 22న, ఆజీ పోయాడు, 76 ఏళ్ళు. 30న ఆయన్ని తీసుకెళ్ళిన బండి నువ్వు చెప్పిన ఆ బ్రిడ్జి మీదే ఆగింది.

నువ్వు వినాలనుకుంటే ముందు పారనాయిడ్ మొత్తం వరసగా విను, పాటలు మార్చకుండా. తర్వాత మాస్టర్ ఆఫ్ రియాలిటీ, దాని తర్వాత హెవెన్ అండ్ హెల్, అది అయ్యాక హెడ్‌లెస్ క్రాస్. మంచి ఇయర్‌ఫోన్స్‌తో విను, ఫోన్ స్పీకర్లో బాస్ వినపడక గీజర్ చేసేదంతా పోతుంది. టోనీ మార్టిన్ ఎలా అనిపించాడో మాత్రం నాకు తప్పకుండా చెప్పు, మన షెడ్డులో దాని గురించి మాట్లాడ్డానికి నాకెవరూ లేరు.

డబ్బులు సరిపోతున్నాయో లేదో మొహమాటపడకుండా చెప్పు. అమ్మ ఆదివారం ఫోన్ చేస్తుంది.

నాన్న