ఇకపై ప్రతి రంగుకీ టర్నింగ్ చేసిన ముక్క ఫొటో పెడతాం

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా దగ్గర రెజిన్ పెన్ బ్లాంకులు కొనే శ్రీకాకుళం, విశాఖ, బరంపురం వాళ్ళకి ఈ వర్షాకాలం నుంచి మారబోయే సంగతులు కొన్ని చెప్పాలి. కొత్తవాళ్ళ కోసం: రెజిన్ అంటే ద్రవంగా పోస్తే ప్లాస్టిక్‌లా గట్టిపడే పదార్థం, మాది ఎపాక్సీ రకం. దాంతో పోసిన కడ్డీనే బ్లాంకు అంటాం. దాన్ని లేత్ మీద తిప్పుతూ పెన్ను ఆకారానికి చెక్కడమే టర్నింగ్.

"బ్లాంకు మీద ఉన్నంత అందం పెన్ను మీద రావట్లేదేంటండీ" అని తరచూ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. మా బ్లాంకు 20 మిల్లీమీటర్ల చదరం. అందులో దూర్చే ఇత్తడి గొట్టం కోసం 7 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తారు. బయట చెక్కుకుంటూ పోయి 12 మిల్లీమీటర్ల దగ్గర ఆపారనుకోండి, మీరు కొన్న రెజిన్‌లో ఐదో వంతు కూడా పెన్ను మీద మిగలదు. ఫొటోలో చూసి ముచ్చటపడిన పై మెరుపంతా లేత్ కింద రజనుగా పడుతుంది. నడిమి రంగుని డ్రిల్ తినేస్తుంది. మిగిలేది రెండున్నర మిల్లీమీటర్ల గోడ. అందం ఆ గోడలో ఉండాలి.

అందుకే పైన గీతలు గీసి అలలు తెప్పించడం మానేశాం. రంగులు లోపలిదాకా విడివిడిగా నిలవాలంటే పోసే సమయం ముఖ్యం. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపిన రెజిన్‌ని కప్పుల్లోకి పంచి, మెరుపు రంగునిచ్చే మైకా పౌడర్ వేశాక, పల్చగా ఉండగానే పోస్తే అన్నీ కలిసిపోయి ఒకటే బురద రంగు వస్తుంది. తీగపాకంలా సాగేదాకా ఆగాలి. మరీ ఆగితే మోల్డు మూలల్లోకి దిగదు, గాలి ఇరుక్కుంటుంది. మే నెల ఎండలో అదే రెజిన్ చాలా తొందరగా చిక్కబడుతుంది కాబట్టి గడియారాన్ని నమ్మలేం, పుల్లతో ఎత్తి చూస్తూ ఉండాల్సిందే. తర్వాత ప్రెజర్ పాట్‌లో, అంటే మూత బిగించి గాలి ఎక్కించే పాత్రలో, 40 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర గట్టిపడేదాకా ఉంచుతాం. ఆ ఒత్తిడికి బుడగలు కంటికి కనిపించనంత చిన్నవైపోతాయి.

ఇకనుంచి ప్రతి రంగులో ఒక బ్లాంకుని మేమే టర్నింగ్ చేసి, పాలిష్ పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీస్తాం. నీళ్ళు గానీ నూనె గానీ రాసి మెరిపించం. దీనికోసం ఒక్కో బ్లాంకు ధర 20 రూపాయలు పెంచుతున్నాం.

మీ వైపు నుంచి ఒక్క పని చేయండి. వెలుతురు దూరే రంగులకి గొట్టం మీద ముందే పెయింట్ వేయండి, లేదంటే ఇత్తడి పసుపు బయటికి కనబడి నీలం కాస్తా ఆకుపచ్చగా తేలుతుంది. లేత రంగులకి తెలుపు, ముదురు వాటికి నలుపు బాగుంటుంది. డ్రిల్‌ని మధ్యమధ్యలో బయటికి తీస్తూ ఉండండి. వేడెక్కితే రెజిన్ పగులుతుంది.

తాటి కర్ర బ్లాంకులు దీపావళి దాకా పోయం. నల్లటి నారలు రెజిన్‌లో ఎంత బాగుంటాయో మీకు తెలుసు, నాకూ అవంటేనే ఇష్టం. కానీ ఈ తేమలో కర్ర సరిగ్గా ఆరదు, ఆరని కర్రని రెజిన్ పట్టుకోదు. పూర్తి పారదర్శకమైనవి కూడా అప్పటిదాకా ఆపుతున్నాం. గాలిలో చెమ్మ ఎక్కువైతే ఎపాక్సీ పైన జిడ్డు పొరలా వస్తుంది, తెల్లగా మసకేస్తుంది.

కొమ్ము ముక్కలు వేసి చేయమని కొందరు అడుగుతున్నారు. కొమ్ము పని మా ఊరికి పేరు తెచ్చిన పని, చేయాలనే ఉంది. అయితే కొమ్ము చెమ్మకి ఉబ్బుతుంది, ఎండకి తగ్గుతుంది. రెజిన్ అలా కదలదు. అతుకు దగ్గర సందు వస్తుందేమో చూడ్డానికి కొన్ని పోసి పక్కన పెట్టాను. ఒక వర్షాకాలం, ఒక ఎండాకాలం దాటితేనే అమ్ముతాను.

తాటి కర్ర, పారదర్శక బ్లాంకులకి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు ఆగుతారో, వేరే రంగు తీసుకుంటారో, డబ్బు వెనక్కి కావాలో ఈ వారంలో చెప్పండి. ఏదైనా సరే, చేసేస్తాం.