పెరటి కోళ్ల పెంపకానికి కోడిపిల్లల పంపిణీ ఒక్కటే చాలదు, టీకా ఊరికి చేరాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటి అవసరానికి సరిపడా గుడ్ల కోసం పెరట్లో కొన్ని కోళ్లు పెంచుకోవాలన్న ఆసక్తి ఇప్పుడు పల్లెల్లోనే కాక పట్టణాల శివారు కాలనీల్లో కూడా కనిపిస్తోంది. మీ వ్యవసాయ పేజీలో ఈ విషయమై వచ్చే వ్యాసాలు ఏ జాతి ఎన్ని గుడ్లు పెడుతుందో, ఎంత రాబడి వస్తుందో చక్కగా వివరిస్తున్నాయి. అయితే ఉత్సాహంగా మొదలుపెట్టిన చాలా ఇళ్లలో ఏడాది తిరక్కుండానే గూడు ఖాళీ కావడానికి కారణం జాతి ఎంపికలో లేదు. పిల్లల మొదటి ఆరు వారాల పోషణ, కోళ్ల అంటువ్యాధి అయిన కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా అనే రెండు చోట్లే అసలు లోపం ఉంది. పశుసంవర్ధక శాఖలో కృష్ణా జిల్లా పల్లెల్లో పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఈ రెండింటి గురించే విన్నవించుకుంటున్నాను.

జాతి సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు, కొన్ని గుడ్లు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. గుడ్లే ప్రధానం అనుకున్నవారికి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన గ్రామప్రియ అనువైనది. పెరట్లో తిరిగి మేసే పద్ధతిలో ఇది ఏడాదికి 160 నుంచి 180 వరకు గోధుమ రంగు గుడ్లు పెడుతుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా మాంసానికీ గుడ్లకూ కలిపి ఉద్దేశించినది కనుక దాని గుడ్లు 100, 110 దగ్గర ఆగుతాయి. మనిషికి ఏడాదికి 180 గుడ్లు అవసరమని జాతీయ పోషకాహార సంస్థ చేసిన సిఫారసును దీని పక్కన పెట్టి చూస్తే, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గ్రామప్రియ పెట్టలు, పైన ఒకటో రెండో ఉంటే చాలునని తేలుతుంది. గుడ్లు పెట్టడానికి పుంజు అవసరం లేదు, పిల్లలు కావాలనుకుంటేనే ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. ఈ మెరుగైన జాతులకు పొదిగే గుణం దాదాపు ఉండదు కాబట్టి వాటి గుడ్లను పొదిగించాలంటే నాటు పెట్టనే ఆశ్రయించాలి, అలా పుట్టిన పిల్లల్లో తల్లి దిగుబడి యథాతథంగా నిలవదని కూడా ముందే తెలుసుకోవాలి. వీధుల్లో బుట్టల్లో పెట్టి రంగులు పూసి అమ్మే పిల్లలు సాధారణంగా హేచరీలు వద్దనుకున్న మగపిల్లలే. వాటిని గుడ్ల ఆశతో కొని మోసపోతున్న ఇల్లాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

ఇక మొదటి లోపం. ఒక్కరోజు వయసున్న పిల్ల చవకగా దొరుకుతుందని కొత్తవారు దాన్నే కొంటారు, కొన్ని పంపిణీ కార్యక్రమాల్లోనూ అదే చేతిలో పెడతారు. తల్లి రెక్కల కింద లేని పిల్లకు మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచి, చుట్టూ అట్టతోనో రేకుతోనో తడిక కట్టి, పైన బల్బు వేలాడదీస్తే ఈ వెచ్చదనం వస్తుంది. కొలవడానికి థర్మామీటరు లేకపోయినా పర్వాలేదు, పిల్లలను గమనిస్తే చాలు. అవి బల్బు కింద ఒకదానిమీద ఒకటి పడి గుమిగూడితే చలి వేస్తున్నట్లు, దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్లు, అంతటా పరుచుకుని మేస్తుంటే సరిపోయినట్లు. కానీ అర్ధరాత్రి కరెంటు పోతే ఆ గుమిగూడడంలోనే అడుగున ఉన్న పిల్లలు ఊపిరాడక చనిపోతాయి. తడిసిన ఊకతో రక్తపారుడు వస్తుంది. పగలంతా కూలికి వెళ్లే కుటుంబం ఈ ఆరు వారాలు ఇంత కాపలా కాయగలదని అనుకోవడం న్యాయం కాదు. కాబట్టి తొలిసారి మొదలుపెట్టేవారు నాలుగు నుంచి ఆరు వారాలు పెంచి, ఆ వయసు వరకు పడవలసిన టీకాలన్నీ వేసిన పిల్లలనే తీసుకోవాలి. వాటి ధర ఎక్కువగా కనిపించినా, చనిపోయే పిల్లల లెక్క కలుపుకుంటే అదే చవక.

ఆ వయసు దాటాక పెంపకం కష్టం కాదు. పగలు తిరిగి మేసే కోళ్లకు రాత్రి గూటిలో ఒక్కోదానికి కనీసం చదరపు అడుగు చోటు ఉంటే సరిపోతుంది. అయితే గూడు నేలకు ఎత్తుగా, గాలి ఆడేలా, పిల్లి, ముంగిస దూరలేని సన్న కంతల జాలీతో ఉండాలి. సాయంత్రం గూటికి చేరే వేళ నూకలు, తౌడు, జొన్నలు గుప్పెడు వేస్తే కోళ్లు పిలవకుండానే వస్తాయి, పొరుగింటి పెరట్లో గుడ్లు పెట్టే అలవాటూ తగ్గుతుంది. చిన్న కోడిపిల్లలకు మాంసకృత్తుల కోసం మన పెద్దలు పాత కుండలో తడిపిన పేడ, చెత్త, గోనెపీలికలు కూరి చెదలు ఉన్న చోట బోర్లించి, మర్నాడు ఆ చెదలను పిల్లలకు వేసేవారు. ఖర్చు లేని ఆ పద్ధతి ఇప్పటికీ పనికివస్తుంది. సుమారు ఐదున్నర నెలలకు పెట్టలు గుడ్లకు వచ్చేసరికి సున్నపురాయి నలుసులో, గుల్లల పొడో విడిగా ఒక మూకుట్లో అందుబాటులో ఉంచాలి, లేకపోతే పెంకు పలచబడుతుంది. చలికాలంలో పగలు తగ్గినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు, ఈకలు రాల్చేటప్పుడు గుడ్లు తగ్గడం సహజమే కనుక కంగారుపడి కోళ్లను అమ్ముకోనక్కరలేదు.

రెండో లోపం ఇంతకంటే తీవ్రమైనది. కొక్కెర తెగులు సోకిన ఊళ్లో టీకా లేని కోళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోతాయి. ఆకుపచ్చని పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం, రెక్కలు వాలిపోవడం మొదలయ్యాక ఏ మందూ పనిచేయదు. ఒకటి రెండు చావగానే మిగిలినవైనా దక్కుతాయని సంతకు తీసుకెళ్లి అమ్మేస్తారు, ఆ కోడి కొన్నవారి ఊరికి తెగులు చేరుతుంది. పేదరికంలో అలా అమ్ముకున్నవారిని నేను తప్పుపట్టలేను. దీన్ని ఆపగలిగింది టీకా ఒక్కటే. వారం వయసులో కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్క, నెల వయసులో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది, ఆ తర్వాత ఆరు నెలలకోసారి మళ్లీ వేయించడం అన్నది పశువైద్యులు చెప్పే క్రమం. ఇందులో అర్థం కానిది ఏదీ లేదు, ఖర్చూ పెద్దది కాదు. మరి ఎందుకు వేయించరు? టీకా 100, 200, 500, 1000 డోసుల సీసాల్లో వస్తుంది, చల్లగా భద్రపరచాలి, ఒకసారి కలిపితే గంటా రెండు గంటల్లో వాడేయాలి. వేల కోళ్లున్న ఫారానికి ఇది సమస్య కాదు. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు సీసా కొంటే తొంభై డోసులు పారబోయాలి, ఆసుపత్రికి వెళ్లి అడిగితే ఎనిమిది కోళ్ల కోసం సీసా విప్పలేమంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే కనుక దీనికి పరిష్కారం వ్యవస్థలోనే వెతకాలి. టాంజానియా, మొజాంబిక్ వంటి దేశాల పల్లెల్లో వేడిని కొంత తట్టుకునే ఐ-2 రకం టీకాను ఊరివాళ్లే శిక్షణ పొంది కంటి చుక్కలుగా వేస్తున్నారు. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఊరి కోడికి ఆ మాత్రం ఏర్పాటు లేకపోవడం విచారకరం.

ఈ టీకాకు ఇప్పుడు మరొక ప్రాధాన్యం వచ్చింది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఉభయ గోదావరి జిల్లాల్లో ఎంత కలవరం రేగిందో పాఠకులకు తెలుసు. కొక్కెర తెగులుకూ బర్డ్ ఫ్లూకూ పైకి కనిపించే లక్షణాల్లో పోలిక ఎక్కువ, ప్రయోగశాల పరీక్షతోనే తేడా తెలుస్తుంది. ఏటా కొక్కెరతో కోళ్లు చావడం మామూలైపోయిన ఊళ్లో బర్డ్ ఫ్లూతో చచ్చినా ఎవరూ పట్టించుకోరు, పశువైద్యుడికి కబురు చేయరు. కొక్కెరను టీకాతో అదుపులో ఉంచిన ఊళ్లో నాలుగు కోళ్లు ఒకేసారి చస్తే వెంటనే అనుమానం వస్తుంది. చచ్చిన కోళ్లను కాలువల్లో పారేయకుండా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చడం, కొత్తగా తెచ్చిన కోళ్లను రెండు మూడు వారాలు విడిగా ఉంచడం ఇంటివారి బాధ్యత. అనుమానం వచ్చిన రోజు వచ్చి చూసే మనిషి ఊళ్లో ఉండేలా చూడడం ప్రభుత్వ బాధ్యత.

జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి ఇప్పుడు ఇస్తున్న 50 శాతం రాయితీ కనీసం వెయ్యి తల్లికోళ్లతో యూనిట్ పెట్టేవారికి ఉద్దేశించినది. అది అవసరమే, కానీ దాని ఫలం పది కోళ్ల ఇంటికి చేరాలంటే మధ్యలో ఒక మెట్టు కావాలి. ప్రతి మండలంలో ఒకటి రెండు డ్వాక్రా సంఘాలకు బ్రూడింగులో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచి పెంచడంలో శిక్షణ ఇచ్చి, ఒక్కరోజు పిల్లలను ఆరు వారాలు పెంచి టీకాలు వేసి అమ్మే పని వారికి అప్పగించాలని, లబ్ధిదారులకు అక్కడి పిల్లలనే పంపిణీ చేయాలని కోరుతున్నాను. అలాగే రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులు నెలకు ఒక నిర్ణీత రోజు, తెల్లవారుజామున కోళ్లను గూళ్ల నుంచి వదలకముందే వాడవాడకూ వచ్చి టీకా వేసేలా ఆదేశాలు ఇవ్వాలి. ఊరంతా ఒకే రోజు వేయించుకుంటే సీసా వృథా కాదు, డోసుకు పడే ఖర్చును ఇంటింటా కోడికి ఇంత అని వసూలు చేసినా ఎవరూ కాదనరు. వేసవి ముదరకముందే ఈ ఏర్పాటు మొదలుకావడం అవసరం.

మీ జిల్లా సంచికలో మండలాలవారీగా ఈ టీకా తేదీలను ముందురోజు ఒక మూల ప్రచురించగలిగితే, కోళ్లను ఆ పూట వదలకుండా గంపల కింద కమ్మి ఉంచడానికి ఇళ్లవారికి వీలవుతుంది.

భవదీయుడు,
విశ్రాంత పశుసంవర్ధక శాఖ ఉద్యోగి,
కృష్ణా జిల్లా