మీ ఊరి చెరువు అడుగు మట్టి కావాల, ఓబులేశూ

అనంతపురం,
ఆదివారం

రేయ్ ఓబులేశూ,

నీ ఉత్తరం మొన్ననే చేరింది. పాపకు తిరుపతిలో సీటొచ్చిందని చదివి ఇంట్లో అందరం సంతోషపడినాం. చెల్లెమ్మను అడిగినానని చెప్పు. నాయన మోకాళ్ళ నొప్పి ఎట్లుందో మాత్రం రాయలేదు నువ్వు. ఈసారి తప్పకుండా రాయి.

ఇంక నువ్వడిగిన మాటకొస్తా. అడవుల మీద చదువు చదువుకొని, నల్లమలకో తలకోనకో పోకుండా ఆ బోడిగుట్టల్లో, ఎండిపోయిన చెరువుల్లో ఏం వెతుకుతున్నావురా అన్నావు. మా మామ కూడా ఇదే అడుగుతాడు. ఒక్క ముక్కలో చెప్పేది కాదు కాబట్టి తీరిగ్గా కూర్చొని రాస్తున్నా. చివర్లో నీతో ఒక పని కూడా ఉంది, మధ్యలో ఆపకుండా చదువు.

మన అనంతపురం గుట్టల్ని అందరూ అడవి నరికేస్తే మిగిలిన నేలలనుకుంటారు. కొన్ని చోట్ల అది నిజమే. చాలా చోట్ల మాత్రం ఇవి ఎప్పటినుంచో గడ్డి, తుప్పలు, అక్కడొకటి ఇక్కడొకటి చెట్టు ఉండే నేలలే అని నా గట్టి నమ్మకం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ నెలలో పడుతుందో తెలియని చోట ఆ గడ్డే సరైన పైరు. దాన్ని నమ్ముకొని తోడేలు ఉంది, కృష్ణజింక ఉంది, గుంటనక్క ఉంది, గొర్రెల కాపరి ఉన్నాడు. చెన్నేకొత్తపల్లి దిక్కు గుట్టల్ని ఊరోళ్ళే కాపాడుకుంటే ఎట్లా తిరుక్కున్నాయో వచ్చి చూడు. బోదగడ్డి నడుమెత్తు లేచింది, వంకల పొడుగునా ఈతచెట్లు వచ్చినాయి.

ఇది నా ఒక్కడి ఊహ కాదురా. గోదావరి సముద్రంలో కలిసే దిక్కున, సముద్రం అడుగున వేల ఏళ్ళుగా పేరుకున్న ఒండ్రు తీసి పరీక్ష చేసినారు. ఆకుల మీద సన్నటి మైనం పొర ఉంటుంది కదా, అది ఏటి నీళ్ళలో కొట్టుకుపోయి ఒండ్రులో చేరి చెడకుండా ఉంటుంది. అందులోని కార్బన్‌ను బట్టి అది ఎట్లాంటి మొక్కదో పోల్చుకోవచ్చు. దాదాపు 4000 ఏళ్ళ కిందటి నుంచి దక్కను ఎండుతూ వచ్చిందనీ, ఎండకు ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చినాయనీ అక్కడ తేలింది. గోదావరి మన సీమ ఏరు కాదు, ఒప్పుకుంటా. మన దగ్గరి సాక్ష్యం కావాలంటే కళ్యాణదుర్గం వైపు పాలవాయి బూడిద దిబ్బ ఉంది. కొత్తరాతియుగంలో పశువుల మందలు నిలిచిన చోట పేడ పోగయితే, దాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చగా లేచిన దిబ్బ. బళ్ళారి, కర్నూలు దిక్కున ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. అంత పేడ పడాలంటే ఎన్ని పశువులుండాల, వాటికి ఎంత మేత ఉండాల? నువ్వే లెక్కేసుకో.

అందుకే గడ్డి ఉన్న గుట్ట మీద గుంతలు తవ్వుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది. పోయిన వానాకాలం ఒక గుట్ట మీద చూసినా. గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగించి, వరసగా గుంతలు తీసి కానుగ మొక్కలు పెట్టినారు. ఎండాకాలానికి చాలావరకు మాడిపోయినాయి. మొక్కలూ దక్కలేదు, గడ్డీ దక్కలేదు, గొర్రెలోళ్ళను రానీకుండా వేసిన కంచె ఒక్కటి నిలిచింది. చెట్టు నాటొద్దని నేను అనను. బాట పక్కన చింత నాటు, ఇంటి ముందర వేప నాటు, నేనూ వచ్చి గుంత తవ్వుతా. గడ్డి దాచే కార్బన్ ఎక్కువ భాగం మట్టిలోనే, వేళ్ళలోనే ఉంటుంది. పైన మంటొచ్చి గడ్డి కాలినా అది కిందనే ఉంటుంది. గుంత తవ్వితే బయటపడేది అదే.

సరే, చెరువుల సంగతి. వాన పడినప్పుడల్లా గుట్ట మీది మట్టి, బొగ్గు నలుసులు, పుప్పొడి, ఆకు ముక్కలు అన్నీ వంకలో పడి చెరువు చేరతాయి. ఏటికేడు పొర మీద పొర పడుతుంది. చుట్టూ ఉన్న నేల ఎట్లా మారిందో ఆ పొరల్లో చదువుకోవచ్చు. మేం చేసేది చూడ్డానికి చిన్న పనే. నీళ్ళు బాగా తగ్గినాక కట్ట దగ్గర, తూముకు ఎదురుగా, తడి ఆరని చోట లావు ప్లాస్టిక్ పైపును బురదలోకి దించుతాం. పైన మూత గట్టిగా బిగించి లాగితే మట్టి జారకుండా పైపుతోపాటే వస్తుంది. నీడకు మోసుకొచ్చి నిలువునా రెండుగా చీలుస్తాం.

ఆ చీల్చిన మట్టిని నీకు ఒకసారైనా చూపించాల. పైన జానెడు మెత్తటి బూడిదరంగు బురద, బర్రెలు దిగి తొక్కడంతో అంతా కలిసిపోయి ఉంటుంది. దాని కింద పలచని ఇసుక చార, వేలు పెడితే గరగరలాడుతుంది. ఏదో ఒక రాత్రి వంక పొంగి తెచ్చి పోసిన ఇసుక అది. ఇంకా కిందికి పోతే గోరంత మందాన నల్లటి గీత. ఆ నలుపును నీళ్ళలో కలిపి సన్న జల్లెడలో వడబోస్తే బొగ్గు నలుసులు మిగులుతాయి. కట్టె బొగ్గయితే ముక్కలు కురచగా ఉంటాయి, గడ్డి కాలిన బొగ్గయితే పొడుగ్గా, సన్నగా ఉంటాయి. గుట్టలో కాలింది చెట్లా గడ్డా అని అట్లా పోల్చుకుంటాం.

మన చెరువులతో ఒక తంటా ఉంది. కొల్లేరులాగా ఏడాదంతా నీళ్ళుండవు. కరువొస్తే అడుగు పగుళ్ళిస్తుంది, గాలి తగిలి పుప్పొడి పాడైపోతుంది. అప్పుడు ఆదుకునేది గడ్డిలోని సిలికా. గడ్డి నేలలోంచి సిలికా పీల్చుకొని ఆకుల్లో గట్టి నలుసులుగా మార్చుకుంటుంది. జొన్న ఆకు అంచు తగిలి చిన్నప్పుడు మన చేతులు కోసుకుపోయేవి గుర్తుందా, ఆ పదునులో దీని పాలు ఉంది. ఆకు కుళ్ళినా కాలినా నలుసు మాత్రం అట్లే ఉంటుంది. మైక్రోస్కోపు కింద కొన్ని డంబెల్ ఆకారంలో కనిపిస్తాయి, కొన్ని గుర్రపు జీను ఆకారంలో కనిపిస్తాయి. జీను ఆకారంవి ఎక్కువుంటే అది చాలావరకు మెట్ట నేలల పొట్టి గడ్డి. రాత్రి పొద్దుపోయేదాకా వాటిని చూస్తూ కూర్చుంటా, ఇంట్లో అన్నం చల్లారిపోతుంది.

ఏ పొర ఏ కాలందో తేల్చడమే అన్నిటికంటే కష్టం. పాత బొగ్గుకు రేడియోకార్బన్ పరీక్ష ఉంది. గత వందేళ్ళ పొరలకు సీసం-210 పనికొస్తుంది, అది 22 ఏళ్ళకోసారి సగమవుతూ పోతుంది, మిగిలిందాన్ని బట్టి పొర వయసు లెక్కేస్తాం. అణుబాంబుల పరీక్షలప్పుడు గాల్లో కలిసి ప్రపంచమంతా రాలిన సీజియం-137 అయితే 1963 ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కడో పేలిన బాంబుల ధూళి సీమ చెరువుల్లో కూడా తేదీ వేసి పెట్టింది.

ఇంకో తేదీ మన పెద్దలే రాతి మీద చెక్కి పెట్టినారు. మీ కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం సంగతి చెప్తున్నా. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించినాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పెట్టి రెండేళ్ళు పని చేయించినట్టు రాయించినాడు. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని లెక్క చెప్పినాడు. కట్టలోంచి నీళ్ళు ఊరకూడదు, నేల చవుడు కాకూడదు, చెరువు నడుమ తాబేటి వీపులాగా మెట్ట లేవకూడదు, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కాకూడదు. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం కూడా దోషమేనంట. ఆ రోజుల్లోనే నీళ్ళ తగాదాలు ఎంత ముదిరి ఉంటాయో చూడు. నాకైతే ఆ తేదీ బంగారం. గట్టి నేల మీద చెరువు బురద మొదలైన చోటు ఆ కాలానిదని చెప్పుకోవచ్చు కదా. ఆ శాసనం ముందు నిలబడితే నాకు ఒళ్ళు పులకరించింది. ఆరు వందల ఏళ్ళ కిందట ఇంత కొలతగా ఆలోచించిన మనుషుల మట్టినే నేను ఇప్పుడు పరీక్ష చేస్తున్నా.

పిట్టల గురించి కూడా రోంత రాయాల, లేకుంటే నా బాధ నీకు పూర్తిగా అర్థం కాదు. నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు ఉంది. అక్కడి గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినారు. ఆ పిట్ట బోసి నేల మీదనే గుడ్డు పెడుతుంది, మామూలుగా ఒక్కటే. తర్వాత చుట్టుపక్కల కాలువలొచ్చి మెట్ట పైర్లు మారిపోయినాయి, ఆ పిట్టలూ తగ్గిపోయినాయి. నీళ్ళు రావడం రైతుకు మేలే, దాన్ని ఎవరు కాదంటారు? ఎండు నేలను నమ్ముకున్న పిట్టకు మాత్రం పోవడానికి చోటు లేదు.

కలివికోడి కథ మీ లంకమలదే. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు పంతొమ్మిదో శతాబ్దంలో చూసి చెప్పిన పిట్ట. 1900 తర్వాత మళ్ళీ ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఐతన్న అనే ఆ దిక్కు వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. పెద్ద చదువులోళ్ళకు ఎనభై ఏళ్ళకు పైగా దొరకనిది పొదల మధ్య తిరిగే మనిషికి దొరికింది. తర్వాత పొదల నడుమ మెత్తటి మట్టి పరిచి దాని అడుగుల గుర్తులు పట్టినారు, కెమెరాలు పెట్టినారు. తేలిందేమంటే పొదలు మరీ చిక్కగా ఉన్నా అది ఉండదు, మరీ బోసిగా ఉన్నా ఉండదు. దానికి అడవంటే అదే, మనం పనికిరాని కంప అనుకునేదే. దాన్ని చదును చేసినా పోతుంది, చిక్కటి తోట చేసినా పోతుంది.

చిలమత్తూరు దగ్గర వీరాపురం కొంగల్ని చూడ్డానికి పాపను తీసుకురా. చింతచెట్ల నిండా గూళ్ళే. సైబీరియా నుంచి వస్తాయంటారు గానీ అవి మన దేశపు ఎర్రకాళ్ళ కొంగలే, నీళ్ళూ చేపలూ ఉన్న చోటు చూసుకొని తిరుగుతుంటాయి. ఊరోళ్ళు మాత్రం వాటిని పురిటికొచ్చిన ఆడబిడ్డలనుకుంటారు. చెరువులు నిండని ఏడాది ఆ ఊళ్ళో దిగులు చూడాల.

ఇప్పుడు నీ పని. మన ఊళ్ళన్నిటినీ ఆక్రమించిన సర్కారు తుమ్మ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసునా? మీ కమలాపురం నుంచే! 1876లో మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడ్డోమ్ ఆ విత్తనాలు కావాలని సర్కారుకు రాసినాడు. 1877లో జమైకా నుంచి తెప్పించి కమలాపురంలో నాటినారు. ధాత కరువనే పెద్ద కరువు నడుస్తున్న ఏళ్ళవి. ఎండు నేలలో వంటచెరకైనా దొరుకుతుందనుకొని తెచ్చినారు. మేకలు, పశువులు కాయలు తిని పేడలో గింజలు ఊరూరా చల్లినాయి. ఈ పొద్దు గడ్డినేలలూ, చెరువు అడుగులూ దాని కిందికే పోయినాయి. బొగ్గుబట్టీలు పెట్టుకొని దాని మీదే బతికేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి, పీకెయ్యండి అని ఊరికే అనేస్తే సరిపోదు. నా ఆశ ఏమంటే, మీ దిక్కు చెరువు పొరల్లో ఆ తుమ్మ పుప్పొడి మొట్టమొదట కనిపించే చోటు పట్టుకోవాల. దాని పైనున్నదంతా 1877 తర్వాతిది. కింద ఏ గడ్డి ఉండేదో, పైన ఏమైందో పక్కపక్కనే పెట్టి చూడొచ్చు. ఇంతకంటే మంచి చోటు నాకు దేశంలో ఇంకెక్కడా దొరకదు.

అందుకని మీ ఊరి చెరువు కావాల. నాయనను కూర్చోబెట్టి అడుగు. పూడిక ఎప్పుడెప్పుడు తీసినారు, జేసీబీ ఏ పక్క దిగింది, ఎవరూ మట్టి తోలుకోని మూల ఏదైనా మిగిలిందా, చెరువు అడుగంటా ఎండి బీటలు వారింది ఏ కరువులో? ఆయనకు ఇవన్నీ నోటికొస్తాయి. చెరువు నీళ్ళు పంచే నీరుగంటి ముసలాయన ఉన్నాడో లేడో గానీ, ఉంటే ఆయనను కూడా అడగమను. ఆయకట్టు రైతులకు ముందే చెప్పి పెట్టు. మేం తీసేది చెయ్యి పట్టేంత గుంత, మళ్ళీ పూడ్చేస్తాం, చేపలోళ్ళ పనికి అడ్డం రాము.

నీళ్ళు తగ్గే నాటికి, మార్చి చివర్లో వస్తాం. ఇద్దరు పిల్లలు కూడా ఉంటారు, పైపులు మోసేదానికి. పడుకోవడానికి మీ మిద్దె చాలు. ఏ వారం కుదురుతుందో నాయననడిగి రాయి, రాయడం ఆలస్యమయ్యేట్టుంటే ఫోన్ చెయ్యి. ఆ వారం నువ్వు కూడా సెలవు పెట్టుకొని ఊరికి రా.

ఇట్లు,
నీ నరసింహులు