ఆదివారం షో: వచ్చే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం.
ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు షో. విజయనగరం గంటస్తంభం దగ్గర, ఎప్పుడూ కలిసే మేడమీద హాల్లోనే. తకాషి మీకే తీసిన జపాన్ సినిమా 'ఆడిషన్' (1999). నిడివి రెండు గంటలకు కాస్త తక్కువ.

ఇంత ఘోరమైన హారర్ మనకెందుకని కొందరు అడిగారు. మొదటి గంట దాదాపు కుటుంబ కథే. భార్య పోయినాయన దొంగ ఆడిషన్ పెట్టి, మళ్లీ పెళ్లికి అమ్మాయిని వెతుక్కుంటాడు. ఆ అమ్మాయి తన గదిలో తల వంచుకుని కూర్చుని ఉంటుంది. ఫోన్ మోగుతుంది. వెనకున్న గోనెసంచి ఒక్కసారిగా కదులుతుంది. చుక్క నెత్తురు లేదు, అయినా ఒళ్లు జలదరిస్తుంది. ఈ రకం సినిమాల బలం అదే. చివర్లో హింస మాత్రం మరీ దారుణం. కొంత తగ్గించినా కథకు లోటు ఉండేది కాదని నా అభిప్రాయం.

'కానిబల్ హోలోకాస్ట్' (1980) అనే హారర్ సినిమా అడిగినవాళ్లకు: అది వేయను. అందులో జంతువులను నిజంగానే చంపారు. భయపెట్టడానికి ప్రాణం తీయడాన్ని నేను ఒప్పుకోలేను.

18 నిండినవాళ్లే రావాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఈసారికి మానేయండి. సూదులంటే భయమున్నవాళ్లు తలుపు దగ్గర కూర్చోండి, మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి, కుర్చీలు చెప్పాలి. సినిమా అయ్యాక టీ, చర్చ ఉంటాయి. 8 దాటుతుంది కాబట్టి శ్రీకాకుళం వాళ్లు తిరుగు బస్సు చూసుకోండి.

మర్చిపోవద్దు: ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. క్లిప్పులు తీసి స్టేటస్ పెట్టొద్దు.