పైకప్పు ఒక పలక తగ్గింది

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్ కోసం ఈ లేఖ తెరిచి ఉంటే, అది వెనక పేజీలో ఉంది. ఇక్కడ రాస్తున్నది కార్ల గురించి. మూడు వారాలుగా శుక్రవారం చివరి పీరియడ్‌లో ఆరో తరగతి పిల్లలు లెగో ఇటుకలతో హాట్ రాడ్ కార్లు కడుతున్నారు. "చదువు మానిపించి ఈ బొమ్మలేమిటి మేడమ్?" అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

పాత కారును విప్పి, అక్కర్లేనివన్నీ పీకేసి, ఇంజిన్ బలం పెంచి, సొంతదారు తన ఇష్టప్రకారం మళ్లీ కట్టుకున్న బండే హాట్ రాడ్. ఈ పిచ్చి అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో, 1930లలో ఊపందుకుంది. అక్కడి కుర్రాళ్లు ఎండిపోయిన సరస్సుల చదును నేల మీద తమ బళ్ల వేగం చూసుకునేవారు. 1932 నాటి ఫోర్డ్ అంటే వాళ్లకు ప్రాణం, ఎందుకంటే మామూలు మనిషి కొనగల ధరలో వీ8 ఇంజిన్‌తో, అంటే ఎనిమిది సిలిండర్ల బలమైన ఇంజిన్‌తో, వచ్చిన కారు అది. మడ్‌గార్డులు తీసేస్తే బరువు తగ్గేది. కిటికీల పక్క స్తంభాలు కోసి పైకప్పు దించితే గాలి అంతగా అడ్డుపడేది కాదు. ఆ తర్వాత అదే ఫ్యాషన్ అయిందనుకోండి, మొదట మాత్రం అంతా వేగం కోసమే. పిల్లలకు నేను చెప్పింది ఇంతవరకే.

మిగతాది ఇటుకలే చెప్పాయి. ఒక అబ్బాయి వెనక పెద్ద చక్రాలు, ముందు చిన్నవి పెట్టి, ముక్కు కిందికి వంగిన అందమైన బండి కట్టాడు. నెట్టగానే నడుము దగ్గర రెండు ముక్కలైంది. చూస్తే అతుకులన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. గోడ కట్టే మేస్త్రీ పై వరుస ఇటుకను కింది అతుకు మీదికి ఎందుకు జరుపుతాడో వాడికి ఆ రోజు నేను చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో అమ్మాయికి కారు ముందుండే రేడియేటర్ జాలీ దగ్గర చిక్కు వచ్చింది. ముక్కల్ని పక్కకు తిప్పి పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టినా సందు మిగులుతోంది. చివరికి సన్నటి పలకలు ఐదు పేర్చి చూసింది, ఇటుక పైన ఉండే బుడిపెలు రెండింటి వెడల్పులో సరిగ్గా ఇమిడిపోయాయి. పలక మందం 3.2 మిల్లీమీటర్లు, ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి దూరం 8. ఐదు మూడు పాయింట్ రెండులు పదహారు, రెండు ఎనిమిదులూ పదహారే. దశాంశాలంటే టెన్షన్ పడే పిల్ల ఈ లెక్కను బోర్డు మీద తనే వేసి చూపించింది. తర్వాత తన కారు పైకప్పును ఒక్క పలక మందం తగ్గించి, "ఇప్పుడు చూడండి మేడమ్, కోపంగా ఉంది కదూ!" అంది. నిజంగానే ఉంది.

ఇప్పుడు మీతో చిన్న పేచీ. పోయిన వారం ఒక అబ్బాయి ఇంటి నుంచి కారు కట్టి తెచ్చాడు, అద్దం తునకలా ఉంది. పైకప్పు ఎందుకు వాల్చావని అడిగితే, "నాన్ననడిగి చెప్తాను" అన్నాడు. ఆ నాన్నగారి పనితనం నాకూ నచ్చింది, కానీ ఆయన మా ఆరో తరగతిలో లేరు! పక్కన కూర్చోండి, అడిగితే ముక్క వెతికి ఇవ్వండి, కట్టడం వాళ్లకే వదలండి. ఊడిపోతోందని జిగురు మాత్రం వేయకండి, మళ్లీ విప్పడానికి వీల్లేకుండా పోతుంది. కొత్త సెట్టు కొననక్కర్లేదు. రంగులు కలవకపోయినా ఫరవాలేదు, అసలు హాట్ రాడ్లు కూడా చాలావరకు దొరికిన విడిభాగాలతో కట్టినవే. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే చిన్న ముక్కలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

నెలాఖరు శుక్రవారం మూడున్నరకు కార్లన్నీ హాల్లో వాలుబల్ల మీద ఒక్కొక్కటిగా పరిగెడతాయి. మీరూ రండి. ఇటుకలు తరువాతి సెక్షన్‌కు కావాలి కాబట్టి నాలుగున్నరకు విప్పడం మొదలుపెడతాం. ఫొటోలు ఆలోపే తీసుకోండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు