జెండా దిగిన రాత్రి

సంపాదకుల వారికి,

అమెరికా పెత్తనం తగ్గితే అక్కడి జనం ఎలా తట్టుకుంటారన్న చర్చ ఈ మధ్య మీ పత్రికలో చదువుతున్నాను. అగ్రరాజ్య హోదా పోవడమంటే ఏమిటో సోవియట్ యూనియన్ కూలినప్పుడు మాస్కోలో చదువుకుంటూ కళ్లారా చూసినవాణ్ణి. 1991 డిసెంబరు 25 రాత్రి సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ రాజీనామా ప్రసంగాన్ని హాస్టల్ టీవీలో చూశాం. క్రెమ్లిన్ మీది ఎర్రజెండా దించేశారు. మా వీధిలో గొడవా లేదు, ఏడుపూ లేదు. హాస్టల్ కాపలా అవ్వ టీవీ కట్టేసి, "రేపు రొట్టె ఎక్కడ దొరుకుతుందో!" అంది.

అసలు దెబ్బ వారం తిరగగానే తగిలింది. జనవరి 2న ధరలపై అదుపు ఎత్తేశారు. 1992లో ధరలు సుమారు 26 రెట్లయ్యాయి. తన చావు ఖర్చులకని అవ్వ బ్యాంకులో దాచుకున్న సొమ్ము వేసవి నాటికి ఒక జత బూట్లకు చాలలేదు. అర్బాత్ వీధిలో ముసలివాళ్లు యుద్ధ పతకాలు అమ్మేవారు. బేరమాడినవాళ్లలో నేనూ ఉన్నాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అందరిదీ ఒకే బాధ కాదు లెండి. సోవియట్ పాలనలో ఉన్న ఎస్తోనియా నుంచి వచ్చిన మా మిత్రుడికి అది విముక్తి. కానీ 2005లో పుతిన్ సోవియట్ పతనాన్ని శతాబ్దపు అతిపెద్ద భౌగోళిక రాజకీయ విపత్తు అన్నప్పుడు, తలూపినవాళ్లలో చాలామందికి గుర్తొచ్చింది క్షిపణులు కాదు, కరిగిపోయిన పొదుపు అనే నా నమ్మకం.

నాకు పతకం అమ్మిన పెద్దాయన, అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి గగారిన్ బొమ్మ ఉన్న బ్యాడ్జీని మాత్రం ఎంత అడిగినా ఇవ్వలేదు.

– ఒక పాఠకుడు, విజయవాడ